మోత

బెండిగోలో వాన వెలిసిన మర్నాడు
మా ఇంటి పడమటి గోడ ఉప్పు కక్కింది.

ఇంకా పైకప్పు కూడా పూర్తి కాలేదు.
జూన్ నెల, గోడకి అదే మొదటి చలికాలం.
వేలితో రాస్తే ఎర్రగా పొడి రాలుతోంది,
కొన్ని చోట్ల పొర పొరంతా ఊడి వస్తోంది.
తాపీమేస్త్రీ బ్రెంటన్ నాలిక చివర పెట్టి చూసి
"ఉప్పే" అన్నాడు. "నా పని నేను సరిగ్గానే చేశాను."
నిజమే. చేతిపనిలో వంక లేదు.

పదకొండు వేల నాలుగు వందల ఇటుకలు.
ముసలివాళ్ల హోమ్‌లో నేను చేసే రాత్రి డ్యూటీల్లో
అవి ఎన్ని రాత్రులో ఒకసారి లెక్క కట్టాను.
మళ్లీ కట్టలేదు.

ఇటుకలమ్మిన కంపెనీకి రాశాను.
జవాబు మర్యాదగా వచ్చింది.
లేదు అనడానికి ముందు మూడుసార్లు
ధన్యవాదాలు చెప్పడం ఇక్కడి మర్యాద.
ఫొటోలు పంపమన్నారు, పంపాను.
బ్యాచ్ నంబరు అడిగారు.
యోహాను రెండు సాయంత్రాలు చెత్తతొట్టిలో దిగి
చిరిగిన ప్లాస్టిక్ చుట్టల్లోంచి
బురద కొట్టుకుపోయిన చీటీ ఒకటి పైకి తీశాడు.
చివరి అంకె ఒకటో ఏడో తెలీలేదు.
ఏడైతే మాది కాదన్నారు.

సముద్రపు గాలికి ఇలా అవుతుందన్నారు.
సముద్రం మాకు రెండు గంటల దూరం.
నేల అన్నారు, నీళ్లు అన్నారు, సిమెంటు పాళ్లు అన్నారు.
ఇటుక అని మాత్రం అనలేదు.

ఆఖరికి గారెత్ అని ఒకతను వచ్చాడు,
బురదంటని బూట్లతో.
పాలెట్ మీద మిగిలినవాటిలో రెండు తీసి
ఒకదానికొకటి తగిలించాను.
తడిచెక్క మీద అరచెయ్యి పడ్డట్టు, ఠప్.
"ఇది కంగుమనాలి" అన్నాను.
"చప్పుడు సాక్ష్యం కాదు మేడమ్.
ల్యాబ్ రిపోర్టు తెప్పించండి."

వేమగిరి బట్టీ దగ్గర
అక్షరాల కంటే ముందు నాకా మోత తెలుసు.
దింపిన ప్రతి ఇటుకనీ అమ్మ
వేలి కణుపుతో కొట్టి చెవి ఒగ్గేది.
పలికింది కుడివైపు, పలకనిది ఎడమవైపు.
తర్వాత చుట్టకుదురు, నెత్తిన పన్నెండు.
ఎడమవైపు కుప్పకి కూలి లేదు.
మట్టి తెచ్చింది మేం కాదు,
కాల్చింది మేం కాదు,
ఊక తగ్గించి మిగుల్చుకున్నది బట్టీ ఆసామి.
కోత మాత్రం మాకే, శనివారం శనివారం,
గుమస్తా పద్దులో ఎర్రసిరాతో.
అమ్మ ఒక్కసారే అడిగింది:
"కాలని ఇటుక మోసినా బరువేగదండీ?"
గుమస్తా కూడా మర్యాదస్తుడే.
నవ్వాడు.

ల్యాబ్‌కి తొమ్మిది వందల డాలర్లు కట్టాం.
రిపోర్టు వచ్చేలోగా కంపెనీ నుంచి ఇంకో ఉత్తరం:
తప్పు ఒప్పుకోకుండా, మంచి మనసుతో మాత్రమే,
నాలుగు వందల ఇటుకలు ఉచితం;
ఇక ఏమీ అడగమని కింద సంతకం.
సంతకం పెట్టెయ్, గోడకి రంగేద్దాం అన్నాడు యోహాను.
అతని తప్పేం లేదు. అలిసిపోయాడు.
అద్దె ఒకవైపు, వాయిదా ఒకవైపు.

ఆ రాత్రి ట్రిబ్యునల్ ఫారం తెరిచాను.
మీకు జరిగిన నష్టమేమిటి, అని ఒక గడి.
అంకెలన్నీ వేశాక ఇంకా జాగా మిగిలింది.
అమ్మ మాట అందులో పెట్టబోయాను.
మోయడం మోతే, మోగడం మోతే మాకు.
ఇంగ్లీషులో దానికి రెండు మాటలు కావాల్సొచ్చాయి,
రెండూ ఒకదాన్నొకటి ఎరగనట్టు
పక్కపక్కన నిలబడ్డాయి.
చెరిపేశాను.
అంకెలు మాత్రం పంపాను.

విచారణ సెప్టెంబరులో, ఒక గురువారం.
ఈలోగా డ్యూటీ దిగి వచ్చి
యూనిఫాం మార్చుకోకుండానే
పాలెట్ ముందు కూర్చుంటున్నాను.
వేలి కణుపు, చెవి.
వేలి కణుపు, చెవి.
పక్కింటి పిల్లాడు కంచె మీంచి చూసి
ఏం చేస్తున్నావని అడిగాడు.
వాళ్లేమంటారో వింటున్నానన్నాను.

కుడివైపు కుప్ప ఇంకా మోకాలెత్తు లేదు.